ముప్ఫై దాటాక పీజీ: సీటు కంటే ముందు తేల్చుకోవాల్సిన లెక్క

ప్రైవేటు బడిలో పదేళ్లు పాఠాలు చెప్పి ఇప్పుడు ఎం.ఎడ్. చేద్దామనుకునే టీచరు. పిల్లలు బడికి పోతున్నారు కాబట్టి ఆగిపోయిన చదువు మళ్లీ అందుకుందామనుకునే తల్లి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఎంబీఏ మీద మనసుపడ్డ జగిత్యాల మనిషి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇలాంటివాళ్లు ఊరికి నలుగురైనా ఉంటారు. వాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటే: "ముందు సీటు తెచ్చుకో, స్కాలర్‌షిప్ సంగతి తర్వాత చూద్దాం." డిగ్రీ అయిన వెంటనే పీజీలో చేరే ఇరవై రెండేళ్ల పిల్లలకు ఈ సలహా సరిపోతుందేమో. ముప్ఫై దాటినవాళ్లను మాత్రం ఇది నిలువునా ముంచుతుంది.

ఎందుకంటే ప్రభుత్వ సాయం వస్తుందా రాదా అన్నది నాలుగు సంగతుల మీద తేలుతుంది: మీ వయసు, మీరు చేరిన సీటు తీరు, ఇంతకుముందు చదివిన కోర్సులు, ఇంటి ఆదాయం. వీటిలో మొదటి మూడూ చేరిన రోజే ఖాయమైపోతాయి. ఫీజు కట్టి, టీసీ ఇచ్చేశాక వాటిని ఎవరూ మార్చలేరు. కాబట్టి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో తేలాకే వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలని నేను గట్టిగా అంటాను.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పాలి. పెద్ద వయసులో చదివేవాళ్లకు అన్నిటికంటే పెద్ద ఖర్చు ఫీజు కాదు, పోయే జీతం. నెలకు 18,000 తెచ్చుకునే టీచరు రెండేళ్ల రెగ్యులర్ కోర్సు కోసం ఉద్యోగం మానేస్తే పోయేది 4,32,000 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఏ స్కాలర్‌షిప్పూ ఆ లోటును పూడ్చదు. ఈ అంకె కాగితం మీద రాసుకోకుండా స్కాలర్‌షిప్ దరఖాస్తు మొదలుపెట్టడం దండగ. సాధారణ ఎంఏ, ఎంకాం అయితే కాకతీయ దూరవిద్యా కేంద్రంలోనో, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో, ఇగ్నోలోనో ఉద్యోగం చేసుకుంటూ చదవడం, స్కాలర్‌షిప్ రాకపోయినా సరే, చాలామందికి లాభం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) గుర్తింపు ఉన్న దూరవిద్య పీజీతో లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాయవచ్చు. ఆ నెట్‌లో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే అప్పుడు ఉద్యోగం మానేసి రెగ్యులర్ పీహెచ్‌డీలో చేరినా ఇల్లు గడుస్తుంది. ఎం.ఎడ్., ఎంటెక్ లాంటివాటికి మాత్రం ఈ దారి లేదు. అక్కడ కాలేజీకి వెళ్లి చదవాల్సిందే. ఇక మిగతా వ్యాసమంతా ముఖ్యంగా వాళ్లకోసం.

చదువుకు వయసు అడ్డు లేదు, సాయానికి ఉంది

కాకతీయ, ఉస్మానియా లాంటి విశ్వవిద్యాలయాల పీజీ సీట్ల కోసం రాసే సీపీగెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. ఎంటెక్ కోసం రాసే గేట్‌కూ లేదు. నలభై ఐదేళ్ల వయసులో ర్యాంకు తెచ్చుకుని తరగతిలో కూర్చుంటే ఎవరూ కాదనరు. స్కాలర్‌షిప్‌కు వయసు లెక్క వేరు. ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే ఐసెట్ లాంటి కౌన్సెలింగ్ నోటిఫికేషన్లలో ప్రవేశానికి వయోపరిమితి లేదని ఒకచోట ఉంటుంది, స్కాలర్‌షిప్ కావాలంటే ఫలానా తేదీ నాటికి ఇన్నేళ్లు మించరాదని మరోచోట ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు ఆ పరిమితి కొంత ఎక్కువ. మొదటి వాక్యం చదివి సంతోషపడి అక్కడే ఆగిపోయినవాళ్లు చేరిన తర్వాత రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టే ఈపాస్ పోర్టల్ దగ్గర దెబ్బతింటారు. వయసుకు ఆధారం పదో తరగతి మెమో మీది పుట్టినతేదీ. ఊళ్లో బడిలో వేసినప్పుడు పంతులు అంచనాగా రాసిన తేదీ అయినా సరే, ఇప్పుడు అదే మీ వయసు.

కేంద్రం వైపు చూస్తే, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో యూజీసీ ఇచ్చే పీజీ స్కాలర్‌షిప్ ఒకటుంది. ఏటా 10,000 మందికి, నెలకు 15,000 రూపాయల చొప్పున ఏడాదిలో పది నెలలు, రెండేళ్లపాటు ఇస్తారు. దీనికి పీజీ మొదటి ఏడాదిలో చేరేనాటికి 30 ఏళ్లు దాటి ఉండకూడదు. రెగ్యులర్ పూర్తికాల కోర్సు మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి. ఇరవై తొమ్మిదేళ్లవాళ్లు ఇంకో ఏడాది ఆగి చేరదామనుకుంటే ఈ డబ్బు శాశ్వతంగా పోయినట్టే. వాళ్లకు ఒక్క ఏడాది ఆలస్యం ఖరీదు మూడు లక్షలు.

జేఆర్ఎఫ్ విషయంలో ముప్ఫై దాటిన ఆడవాళ్లకు ఇంకా తలుపు తెరిచే ఉంది, ఇది చాలామందికి తెలియదు. సాధారణంగా జేఆర్ఎఫ్‌కు గరిష్ఠ వయసు 30. మహిళలకు, కులంతో పని లేకుండా, ఐదేళ్ల సడలింపు ఉంది. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (ఓబీసీల్లో సంపన్న శ్రేణి కిందికి రానివాళ్లు), ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు కూడా అంతే. రెండు మూడు కారణాలు కలిసినా మొత్తం సడలింపు ఐదేళ్లు మించదు. రిజర్వేషన్ లేని కులాల్లో ఆర్థికంగా వెనుకబడినవాళ్లకు ఇచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌తో మాత్రం వయసు సడలింపు రాదు. పరీక్ష నెల మొదటి తేదీ నాటికి వయసు చూస్తారు. పీజీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా నెట్ రాయవచ్చు. అంటే ముప్ఫై రెండేళ్లకు ఎంఏలో చేరిన మహిళ రెండో ఏడాదిలోనే మొదలుపెడితే, ఏడాదికి రెండుసార్లు జరిగే పరీక్షలో వయసు దాటేలోపు నాలుగైదు అవకాశాలు దొరుకుతాయి. కోర్సు అయ్యాక చూద్దామని ఆగితే అందులో సగం పోతాయి. వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, పైన ఇంటి అద్దె. మన వైపు ప్రైవేటు కాలేజీ లెక్చరర్లలో చాలామందికి అందే జీతం కంటే ఇది ఎక్కువ.

ఇంజనీర్లకు నేను చెప్పేది గేట్. మంచి స్కోరుతో సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అనుమతి ఉన్న పూర్తికాల ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు, 24 నెలలు. ఎన్ఐటీ వరంగల్ లాంటి కేంద్ర సంస్థల్లోనూ గేట్ ద్వారా చేరినవాళ్లకు అంతే మొత్తం అసిస్టెంట్‌షిప్‌గా వస్తుంది, అందుకు బదులుగా ల్యాబులు, ట్యుటోరియళ్లలో కొన్ని గంటలు పనిచేయాలి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కంపెనీ పంపితే వచ్చే స్పాన్సర్డ్ సీటులో, పార్ట్‌టైమ్ సీటులో ఈ డబ్బు రాదు.

ఈపాస్: ఏ సీటుకు వస్తుంది, ఏ సీటుకు రాదు

ఈపాస్‌లో వచ్చేది రెండు రకాల డబ్బు. ఆర్టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఎంటీఎఫ్ అంటే హాస్టలు, నిర్వహణ ఖర్చులు. కన్వీనర్ కోటాలో, కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన రెగ్యులర్ సీటుకే ఇవి వర్తిస్తాయి. మేనేజ్‌మెంట్ కోటాకు రావు. దూరవిద్యకు రావు. స్పాట్ అడ్మిషన్‌కు రావు.

ఈ చివరిదాని దగ్గరే పెద్దవాళ్లు ఎక్కువగా నష్టపోతారు. ఉద్యోగం మానాలా వద్దా అని ఇంట్లో తేల్చుకునేసరికి రెండు విడతల కౌన్సెలింగ్ అయిపోతుంది. అప్పుడు స్పాట్ నోటిఫికేషన్ వస్తుంది, కోరిన సబ్జెక్టు కోరిన కాలేజీలోనే ఖాళీగా ఉంటుంది, అదృష్టం అనుకుని చేరిపోతారు. స్పాట్‌లో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదని ఆ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. అదే సీటు రెండో విడతలో వచ్చి ఉంటే ఫీజు ప్రభుత్వం కట్టేది. సీటు వచ్చాక ఆలోచించుకోవడానికి వీలుగా, తేల్చుకోకపోయినా సరే, మొదటి విడతలోనే ఆప్షన్లు పెట్టి ఉంచడం మేలు.

రెండోది పాత పీజీ. ఇదివరకే ఎంఏ తెలుగు చేసి ఇప్పుడు ఎంఏ ఇంగ్లిష్ చేద్దామంటే, అదే స్థాయి చదువుకు రెండోసారి సాయం రాదు. మొదటి పీజీకి మీరు స్కాలర్‌షిప్ తీసుకోకపోయినా, ఆ స్థాయి పూర్తయిందనే చూస్తారు. సాధారణ పీజీ తర్వాత ఎం.ఎడ్. లాంటి వృత్తివిద్యా కోర్సు చేసేవాళ్లు మాత్రం చేరకముందే జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి, వీలైతే రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోవాలి.

మూడోది హాజరు. 75 శాతం తప్పనిసరి, లెక్క బయోమెట్రిక్ మీద. పొద్దున బడిలో పాఠం చెప్పి మధ్యాహ్నం కాలేజీకి వచ్చి సంతకం పెట్టే రోజులు పోయాయి.

అన్నీ సరిపోయి మంజూరు అయ్యాక కూడా డబ్బు ఎప్పుడొస్తుందన్నది వేరే సమస్య. రీయింబర్స్‌మెంట్ బకాయిలు తెలంగాణలో ఏళ్లుగా పేరుకుంటున్నాయి. ప్రభుత్వం నుంచి రాలేదని కాలేజీలు విద్యార్థి దగ్గర ఫీజు వసూలు చేయడం, కట్టకపోతే సర్టిఫికెట్లు ఆపడం అందరికీ తెలిసిందే. ఇరవై రెండేళ్ల పిల్లవాడు ఆరు నెలలు ఆగగలడు. కోర్సు అయిన మర్నాడే ఉద్యోగంలో చేరాల్సిన మనిషికి మెమో చేతికి రాకపోతే ఆ ఉద్యోగమే పోతుంది. అందుకని కనీసం ఒక ఏడాది ఫీజు చేతిలో పెట్టుకుని చేరండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకుని, దాని మీద "ప్రభుత్వం నుంచి జమ అయితే తిరిగి ఇవ్వబడును" అని రాయించుకోండి.

ఒకే మనిషికి మూడు కుటుంబాలు

అసలు చిక్కంతా ఆదాయం దగ్గరుంది. స్కాలర్‌షిప్ నిబంధనలు రాసినవాళ్ల మనసులో ఉన్న విద్యార్థి తండ్రి సంపాదన మీద బతికే పెళ్లికాని పిల్లవాడు. ముప్ఫై ఐదేళ్ల మనిషి ఆ దరఖాస్తు నింపితే, ఒక్కో గడిలో కుటుంబం ఒక్కోలా మారుతుంది.

పెళ్లయిన బీసీ మహిళ ఒకామె ఉందనుకుందాం. ఆమె కులం సర్టిఫికెట్‌లో తండ్రి పేరుంటుంది, ఎందుకంటే కులం పుట్టుకతో వచ్చేది. నెట్‌లో వయసు సడలింపు కోసం కావాల్సిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కూడా తల్లిదండ్రుల హోదా, ఆదాయం చూసే ఇవ్వాలి. ఆమె జీతం, భర్త జీతం అందులో లెక్కకు రావు. తల్లిదండ్రుల ఆదాయ పరిమితి 8 లక్షలు, అందులోనూ జీతం, వ్యవసాయ ఆదాయం కలపకూడదు. భర్త ఉద్యోగం చూసి క్రీమీలేయర్ అని తిప్పిపంపితే అది తప్పు. 1993లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వులను చూపించి అడగవచ్చు. ఇక్కడ ఇంకో జాగ్రత్త: రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. మీ కులం రెండో జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

అదే మనిషి స్కాలర్‌షిప్‌కు ఆదాయ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు మాత్రం కుటుంబం భర్త ఇల్లు అవుతుంది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ పథకం కేంద్ర మార్గదర్శకాల్లో ఇది స్పష్టంగానే ఉంది: తల్లిదండ్రుల ఆదాయం చూడాలి, ఉద్యోగం లేని పెళ్లయిన మహిళ అయితే భర్త ఆదాయం చూడాలి, ఇంట్లో ఇంకెవరు సంపాదించినా అది కలపకూడదు. మరి ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ దగ్గరికి వస్తే తల్లిదండ్రులు, భర్త లేదా భార్య, పద్దెనిమిది నిండని తోబుట్టువులు, పిల్లలు అందరూ కుటుంబమే.

మీసేవలో ఆదాయ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు అలవాటుగా తండ్రి పేరు చెప్పేస్తారు. కులం సర్టిఫికెట్‌లో తండ్రి పేరుంది కదా అని కౌంటర్లో కూర్చున్నవాళ్లు కూడా అదే కొట్టేస్తారు. రేషన్ కార్డులో పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్ఐ) విచారణలో రెండు ఇళ్లు బయటపడతాయి. ముందు రేషన్ కార్డు సరిచేసుకుని, తర్వాత ఆదాయ సర్టిఫికెట్, ఆ తర్వాత ఈపాస్. ఈ వరుస తప్పితే ప్రతి మెట్టు దగ్గరా వెనక్కి తిరగాలి.

బీసీలకు, ఆర్థికంగా వెనుకబడిన ఇతర కులాలకు (ఈబీసీ) ఈపాస్ ఆదాయ పరిమితి ఊళ్లల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. నెలకు 18,000 జీతమంటే ఏడాదికి 2,16,000. అంటే మొన్నటిదాకా పనిచేసిన టీచరు, భర్తకు ఒక్క రూపాయి ఆదాయం లేకపోయినా, ఆ జీతంతోనే అనర్హురాలు. చదువుకోసమే ఆ జీతం వదులుకుంది, ఆ జీతమే ఆమెకు అడ్డం పడుతోంది. ఇలాంటప్పుడు మీసేవ దరఖాస్తుతో పాటు తహసీల్దారుకు విడిగా ఒక ఉత్తరం పెట్టాలి. పొడుగ్గా అక్కర్లేదు, ఇలా ఉంటే చాలు:

"నేను మే 31 వరకు ఒక ప్రైవేటు పాఠశాలలో నెలకు 18,000 రూపాయల జీతంపై పనిచేశాను. రెగ్యులర్ ఎం.ఎడ్.లో చేరడానికి ఆ రోజుతో ఉద్యోగం మానేశాను. జూన్ నుంచి నాకు జీతం లేదు. రిలీవింగ్ లెటరు, గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, కాలేజీ బోనఫైడ్ జతచేశాను. నా భర్త వార్షిక ఆదాయం వివరాలు దరఖాస్తులో ఉన్నాయి. విచారించి ప్రస్తుత ఆదాయం ప్రకారం సర్టిఫికెట్ ఇప్పించగలరు."

జీతం ఆగిన తేదీ, దానికి రుజువు, ఇప్పుడు ఇంట్లో వచ్చే డబ్బు. ఈ మూడూ లేని ఉత్తరాన్ని ఆర్ఐ పట్టించుకోడు. ఆదాయం తక్కువ చేసి చూపించమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి జిరాక్స్ సెంటర్ దగ్గరా ఉంటారు. వాళ్ల మాట వినకండి. పాన్‌కు, ఆధార్‌కు లంకె ఉంది, మీ పాత ఫారం 16 ఎక్కడికీ పోదు. తర్వాత బయటపడితే తీసుకున్నదంతా తిరిగి కట్టాలి.

ఎస్సీ విద్యార్థుల్లో ఉద్యోగం చేస్తున్నవాళ్లకు కేంద్ర మార్గదర్శకాల్లో రెండు మంచి వెసులుబాట్లు ఉన్నాయి, వీటిని ఎవరూ చెప్పరు. కోర్సు మొత్తం కాలానికి జీతం లేని సెలవు పెట్టి పూర్తికాలం చదివితే స్కాలర్‌షిప్‌కు అర్హులే. ఉద్యోగం వదలకపోయినా, తన ఆదాయం, తల్లిదండ్రుల ఆదాయం కలిపి పరిమితి లోపు ఉంటే తిరిగిరాని తప్పనిసరి ఫీజుల మేరకు సాయం అందుతుంది.

పేరు, ఖాతా

పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు, బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరంగా. పిల్లలకు ఈ సమస్య తక్కువ, పెద్దవాళ్లకు దాదాపు ఖాయం. దరఖాస్తు పోర్టళ్లు మెమోనూ ఆధార్‌నూ పోల్చి చూస్తాయి. సరిచేయాల్సి వస్తే ఆధార్‌ను మెమోకు సరిపోయేలా మార్చడం తేలిక. మెమో మార్చడం నెలల పని. కాకపోతే ఆధార్‌లో పేరు మార్పుకు జీవితకాలంలో రెండే అవకాశాలు, పుట్టినతేదీకి ఒక్కటే. ఇదివరకు పెళ్లయ్యాక ఒకటి వాడేసి ఉంటే, రెండోది అక్షరం పొల్లుపోకుండా చూసుకుని వాడాలి.

డబ్బు జమ అయ్యే తీరు కూడా తెలుసుకోవాలి. ఆధార్ ఆధారంగా పంపే డబ్బు మీరు దరఖాస్తులో రాసిన ఖాతా నంబరుకే పోతుందని అనుకోవద్దు. ఆధార్‌తో చివరగా ఏ ఖాతా సీడ్ అయిందో దానిలోకి పోతుంది. గ్యాస్ సబ్సిడీ ఏ ఖాతాలో పడుతోందో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో బ్యాంకు సీడింగ్ స్టేటస్ దగ్గర కూడా కనిపిస్తుంది. పాత ఉద్యోగపు శాలరీ అకౌంటు, రెండేళ్లు వాడక మూలనపడ్డ ఖాతా అక్కడ కనిపిస్తే, ఇప్పుడు వాడే బ్యాంకుకు వెళ్లి సీడింగ్ ఫారం ఇచ్చి మార్పించుకోండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ముందు ఒక్కసారి చేసే రిజిస్ట్రేషన్ (ఓటీఆర్) చేసుకోవాలి, ఫోన్‌లో ముఖం చూపించి ఆధార్ ధ్రువీకరణ చేస్తే 14 అంకెల నంబరు వస్తుంది. దరఖాస్తు పెట్టగానే పని అయిపోలేదు. కాలేజీ నోడల్ అధికారి లాగిన్‌లో దాన్ని ఆమోదించాలి. గడువు దాటితే కాలేజీ తప్పయినా నష్టం మీదే, కాబట్టి స్టేటస్ మారేదాకా అడుగుతూనే ఉండాలి.

చదువుకూ చదువుకూ మధ్య ఏళ్ల ఖాళీ ఉంటుంది కాబట్టి గ్యాప్ అఫిడవిట్ అడుగుతారు. నోటరీ దగ్గర రాయించేటప్పుడు "ఖాళీగా ఉన్నాను" అని ఒక్క ముక్కలో ముగించవద్దు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు ఏం చేశారో రాయించండి, ఆ మధ్యకాలంలో మరే రెగ్యులర్ కోర్సులోనూ చేరలేదని చేర్చండి. కావాల్సిన వాక్యం ఆ రెండోదే.

బ్యాంకు అప్పు

స్కాలర్‌షిప్‌ల తలుపులు మూసుకున్నాక మిగిలేది విద్యారుణం. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకంలో విద్యార్థి వయసు మీద ప్రత్యేక నిషేధం లేదు. అయినా కౌంటర్ దగ్గర "ఈ వయసులోనా?" అంటారు. వాళ్ల అసలు భయం తిరిగి కట్టేలోపు మీరు పని మానేసే వయసు వస్తుందని. ఆ ప్రశ్నకు జవాబు అంకెల్లో పట్టుకెళ్లాలి.

ఉదాహరణకు ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి 4 లక్షలు, ఏడాదికి రెండు లక్షల చొప్పున, 10 శాతం వడ్డీకి తీసుకున్నాడనుకుందాం. రెండేళ్ల కోర్సు, ఆ తర్వాత ఒక ఏడాది గడువు. ఈ మూడేళ్లకు సాధారణ వడ్డీ లక్ష అవుతుంది. నలభై ఒకటో ఏట 5 లక్షల మీద కిస్తీలు మొదలవుతాయి. పదేళ్లయితే నెలకు సుమారు 6,600, ఏడేళ్లయితే 8,300. గరిష్ఠంగా పదిహేనేళ్లు పెట్టుకుంటే 5,400 లోపే కానీ యాభై ఆరేళ్లదాకా సాగుతుంది. పిల్లల కాలేజీ ఫీజులు కూడా సరిగ్గా ఆ ఏళ్లలోనే మీదపడతాయి. నేనైతే ఏడేళ్లే ఎంచుకోమంటాను. చదివేటప్పుడే ఇంట్లో ఒకరు వడ్డీ వరకు కట్టగలిగితే అసలు నాలుగు లక్షల దగ్గరే ఆగుతుంది, పైగా కొన్ని బ్యాంకులు వడ్డీలో ఒక శాతం తగ్గిస్తాయి.

4 లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. పెళ్లయినవాళ్లకు సహరుణగ్రహీతగా భర్త లేదా భార్య ఉండవచ్చు, అత్తమామలూ ఉండవచ్చు. "మీ ఇల్లు మా బ్రాంచి పరిధిలో లేదు" అని విద్యారుణం తిప్పిపంపకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. కాదంటే కారణం రాసి ఇమ్మనండి. బ్యాంకుకు రాసిన ఫిర్యాదుకు నెల రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చేమీ లేదు.

పెద్దవాళ్ల దరఖాస్తు ఎక్కువగా తిరిగి వచ్చేది పాత అప్పుల వల్ల. ఎప్పుడో టీవీకి పెట్టిన కిస్తీ ఒకటి ఆగిపోయి ఉంటుంది. స్నేహితుడి లోనుకు హామీ సంతకం చేసి ఉంటారు. పంట రుణం రెన్యూవల్ తప్పి ఉంటుంది. మన అప్పుల చరిత్ర నమోదుచేసే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒక రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. బ్యాంకుకు పోయే మూడు నెలల ముందే అవి తీసి చూసి, తీరిపోయిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తే నో డ్యూస్ సర్టిఫికెట్‌తో సరిచేయించుకోండి.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపికచేసిన సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇవ్వాలి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణంపై, కోర్సు కాలం, ఆ పైన ఏడాది గడువు వరకు, 3 శాతం వడ్డీ రాయితీ. ఎన్ఐటీ లాంటి కేంద్ర సంస్థలు ఆ జాబితాలో ఉన్నాయి, మిగతావాటిని పోర్టల్లో వెతికి చూసుకోవాలి. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటే ఈ రాయితీ రాదు. రెండిట్లో ఏది ఎక్కువో లెక్కవేసుకుని ఒకటి ఎంచుకోండి.

విదేశాల మీద ఆలోచన ఉన్నవాళ్లకు ఒక ముక్క. అక్కడ పెద్ద వయసు చాలాసార్లు కలిసొస్తుంది. బ్రిటన్ వారి చీవెనింగ్‌కు గరిష్ఠ వయసు లేదు, రెండేళ్ల ఉద్యోగానుభవం ఉండాల్సిందే. అమెరికాకు ఫుల్‌బ్రైట్ నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్లు అడుగుతారు. జేఎన్ టాటా ఎండోమెంట్ రుణ స్కాలర్‌షిప్‌కు నలభై ఐదేళ్ల వరకు అవకాశం ఉంది. మన రాష్ట్రం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే 20 లక్షల ఓవర్సీస్ విద్యానిధికి మాత్రం ముప్ఫై ఐదే హద్దు.

మారాల్సిన రెండు వాక్యాలు

వయోపరిమితి పెట్టినవాళ్ల వాదన నాకు తెలుసు. డబ్బు పరిమితం, కుర్రవాళ్లకు ఇస్తే వాళ్లు ఎక్కువ కాలం పనిచేస్తారు, కాలేజీలో చేరి స్కాలర్‌షిప్ మీద ఏళ్లకేళ్లు హాస్టల్లో ఉండిపోయేవాళ్లను ఆపాలి. చివరి కారణానికి విరుగుడు ఇప్పటికే ఉంది, ఒక స్థాయి చదువుకు ఒక్కసారే సాయం అన్న నియమం ఆ పని చేస్తూనే ఉంది. కుర్రవాళ్లు ఎక్కువ కాలం పనిచేస్తారన్న కారణం మన ప్రాంతపు ఆడపిల్లల దగ్గర నిలబడదు. డిగ్రీ కాగానే పెళ్లి, ఇద్దరు పిల్లలు, బీడీలు చుట్టో బడిలో చెప్పో సంపాదన, ముప్ఫై మూడో ఏట ఊపిరి తీసుకునే తీరిక. ఆమె ఆ పదేళ్లూ వృథా చేయలేదు. ఆ పదేళ్లకు శిక్షగా ఫీజు కట్టమనడం అన్యాయం. యూజీసీ జేఆర్ఎఫ్‌లో మహిళలకు ఐదేళ్లు సడలించింది ఈ కారణం ఒప్పుకునే కదా. అదే సడలింపు పీజీ స్కాలర్‌షిప్‌లోనూ, ఈపాస్‌లోనూ ఎందుకుండకూడదు?

రెండోది ఆదాయం. పోయిన ఏడాది జీతం బదులు, చదువుకునే ఏడాదిలో ఇంట్లోకి వచ్చే డబ్బును చూడాలి. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు. ఆదాయ సర్టిఫికెట్ దరఖాస్తులో "చదువు కోసం ఉద్యోగం మానేసిన తేదీ" అని ఒక గడి పెట్టి, రిలీవింగ్ లెటరు జతచేయమంటే సరిపోతుంది. ఇప్పుడు తహసీల్దారు దయ మీద నడుస్తున్నది అప్పుడు హక్కుగా నడుస్తుంది.

ఈ మాట అడగడానికి మన దగ్గర ఒక చోటు ఉంది. శాసనమండలిలో వరంగల్, ఖమ్మం, నల్గొండకు ఒక పట్టభద్రుల స్థానం, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్‌కు ఒక స్థానం ఉన్నాయి. ఓటు వేయడానికి డిగ్రీ అయి మూడేళ్లు నిండాలి, అంటే కాలేజీ పిల్లలకు అక్కడ ఓటే లేదు, ముప్ఫై దాటిన పట్టభద్రుల్లో దాదాపు అందరికీ ఉంది. వరంగల్ స్థానం పదవీకాలం 2027లో ముగుస్తుంది. ఈ ఓటర్ల జాబితా ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తారు, పోయినసారి పేరున్నా మళ్లీ ఫారం 18 నింపాలి. అర్హతకు నవంబరు 1ని ప్రామాణికంగా తీసుకుంటారు. ఫారంతో పాటు డిగ్రీ సర్టిఫికెట్ నకలు ఇచ్చి రండి. ఓట్లడగడానికి వచ్చిన అభ్యర్థి ఎవరైనా సరే, ఈ రెండు వాక్యాల మీద ఏం చేస్తారో చెప్పమని అడగండి.